అప్పగించిన వివరం అమానతు

మంఖాల్ పరిసరాలలో నివసించే వారికి విమానం వింత వస్తువు కాదు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలివచ్చిన నాటి నుండి మన ఆకాశం రేయింబవళ్లు మోగుతూనే ఉన్నది. ఆ విమానాలలో హజ్ యాత్రకు బయలుదేరిన వృద్ధులున్నారు. దుబాయి, దోహా, దమ్మాములలో కూలి చేసుకొనడానికి వెళ్లే జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతాల శ్రామికులున్నారు. అమెరికాలో పై చదువులకు వెళ్లే యువతీయువకులున్నారు. విమానం ఎక్కకుండానే సరిహద్దులు దాటి వచ్చినవారు కూడ మనకు పొరుగున ఉన్నారు. బర్మాలోని అరకాను సీమలో బ్రతుకు గడవక, ప్రాణభయంతో బంగ్లాదేశ్ మీదుగా వచ్చి బాలాపూరు పరిసరాలలో తలదాచుకున్న రోహింగ్యాలు వారు.

యాత్రికునికీ కూలీకీ విద్యార్థికీ శరణార్థికీ మధ్య పోలిక చాల తక్కువ. ఒక్క విషయంలో మాత్రం నలుగురూ సమానులే. నలుగురూ ఒక బల్ల ముందు నిలబడి తమ పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, ముఖం, వేలిముద్రలు అప్పగించవలసిందే. అప్పగించనివానికి దారి లేదు. బల్లకు ఈవల నిలిచినవాడు తన సంగతులన్నీ విప్పి చెప్పుతాడు. ఆవల కూర్చున్నవారు ఆ సంగతులను ఎవరికి చూపుతారో, ఎన్నాళ్లు దాచుతారో, ఏ పనికి వాడుతారో అతనికి చెప్పరు. ఈ అసమానతను గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ముందుగా మా అభిప్రాయాన్ని స్పష్టపరచుట మంచిది. సరిహద్దు గల ప్రతి రాజ్యానికీ వచ్చిపోయేవారెవరో తెలుసుకొనే హక్కు ఉన్నది. ఆ హక్కును మేము ప్రశ్నించడం లేదు. కాని ఒక పనికని తీసుకున్న వివరాన్ని, ఇచ్చినవానికి తెలియకుండా, మరొక పనికి మళ్లించడం న్యాయం కాదు. ఉర్దూలో 'అమానత్' అనే మాటా, మన పాత తెలుగులో 'న్యాసం' అనే మాటా ఒకే ధర్మాన్ని చెప్పుతున్నవి. దాచమని ఇచ్చిన సొమ్ము దాచినవానిది కాదు. వివరం కూడ అటువంటిదే.

విమానాశ్రయపు ద్వారం

మన పొరుగునే ఉన్న ఉదాహరణతో ప్రారంభిద్దాము. ముఖాన్నే టిక్కెట్టుగా చేసే 'డిజియాత్ర' పద్ధతి 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగుళూరు, వారణాసి విమానాశ్రయాలలో మొదలై, 2023లో శంషాబాదుకు వచ్చినది. దేశం లోపలి ప్రయాణాలకై ఏర్పడిన ఏర్పాటు ఇది. ప్రయాణికుడు తన ఆధార్ సహాయంతో ఫోనులో నమోదు చేసుకుంటాడు. ద్వారం వద్ద కెమెరా అతని ముఖాన్ని పోల్చుకొని తలుపు తెరుస్తుంది. ఇది ఐచ్ఛికమనీ, వివరాలు ప్రయాణికుని ఫోనులోనే ఉంటవనీ, విమానాశ్రయానికి చేరిన నకలు ప్రయాణమైన 24 గంటలలో చెరపబడుతుందనీ నిర్వాహకులు ప్రకటించినారు.

ఈ నియమాన్ని మేము మెచ్చుకుంటున్నాము. పని ఏదో చెప్పినారు, గడువు ఎంతో చెప్పినారు, వద్దనుకొనేవానికి మరొక వరుస ఉంచినారు. ఈ మూడూ ఉన్నచోట అమానతు అమానతుగా నిలుస్తుంది. అయితే కొన్ని విమానాశ్రయాలలో ప్రయాణికునికి సరిగా తెలియజెప్పకుండానే ఫొటో తీసి చేర్చుకుంటున్నారని పత్రికలలో ఫిర్యాదులు వచ్చినవి. ఐచ్ఛికమన్న మాట కాగితంపై ఉన్నా, ఆ రెండవ వరుస ఎక్కడున్నదో చూపేవారు లేకపోతే అది నిర్బంధమే. విమానం అందదేమోనన్న తొందరలో ఉన్నవాడు అన్న 'సరే' నిజమైన సమ్మతి అనిపించుకొనదు.

చదువుకున్నవాడు, స్వదేశంలో, సొంత డబ్బుతో టిక్కెట్టు కొని ప్రయాణం చేసేటప్పుడే పరిస్థితి ఇట్లున్నది. భాష రానివాడు పరదేశపు బల్ల ముందు నిలిచినప్పుడు ఎట్లుంటుందో చూడవలసి ఉన్నది.

హురూబ్, ఖల్లివెల్లి

మన జిల్లాల గల్ఫు వలస అర్ధ శతాబ్దం నాటిది. కూలీలను దళారుల బారినుండి రక్షించడానికి పార్లమెంటు 1983లో వలసల చట్టం చేసినది. పదో తరగతి ప్యాసు కానివాడు గల్ఫు దేశాలలో పనికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందాలి. ఇప్పుడు ఆ అనుమతులు 'ఈ-మైగ్రేట్' అనే కంప్యూటరు పద్ధతిలో నడుస్తున్నవి. యజమాని పేరు, ఏజెంటు పేరు, ఒప్పుకున్న జీతం, కూలీ పాసుపోర్టు సంఖ్య అందులో నమోదవుతవి. సమాచారం పంచుకొనడం వలన కలిగే మేలుకు ఇది ఉదాహరణ. కొడుకు ఏ కంపెనీలో ఉన్నాడో తెలియక తల్లడిల్లే తల్లికి, శవపేటిక ఎప్పుడు దిగుతుందోనని ఎదురుచూసే ఇంటికి, ఆ నమోదే ఆధారం. విజిట్ వీసాపై దొంగదారిన పోయినవానికి ఆ మాత్రం ఆధారమూ ఉండదు. కాబట్టి వివరాలివ్వకపోవడమే క్షేమమని మేము చెప్పుట లేదు.

దీనికి రెండవ ముఖం కూడ ఉన్నది. సౌదీలో పనిచేసి వచ్చిన ఎవరినైనా 'హురూబ్' అంటే ఏమిటని అడగండి. తన దగ్గరి మనిషి పారిపోయినాడని యజమాని నివేదిస్తే చాలు, ప్రభుత్వపు లెక్కలో ఆ కూలీ పరారీలో ఉన్నవాడైపోతాడు. బాకీపడిన జీతం అడిగినవాని మీద, దెబ్బలు తాళలేక ఇల్లు విడిచిన పనిమనిషి మీద కూడ ఇటువంటి నివేదికలు పడిన సందర్భాలు ఎన్నో ఉన్నవి. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం కార్మికుల నిబంధనలను కొంత సడలించినది. గాని ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్రెల కాపరులకు ఆ సడలింపు వర్తించలేదు. మన పల్లెల నుండి వెళ్లినవారిలో ఎందరో చేసేది ఆ పనులే.

అట్లు కాగితాలు చెల్లకుండా పోయిన మనిషిని మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. 'పోనీ, వదిలెయ్యి' అన్న అర్థం గల అరబ్బీ వాడుక నుండి వచ్చిన మాట అది. కనుపాపను చూచి మనిషిని గుర్తించే యంత్రాలను ఎమిరేట్సు ప్రభుత్వం ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే సరిహద్దు ద్వారాలలో నెలకొల్పినది. ఒకమారు పంపివేయబడినవాడు వేరే పేరుతో తిరిగివచ్చినా పట్టుబడతాడు. యంత్రం కంటిని గుర్తిస్తుంది. ఆ కంటి గలవాడు ఏ అన్యాయం వలన ఖల్లివెల్లి అయినాడో అది గుర్తించలేదు.

ఇందులోని దోషం వివరం నమోదు చేయడంలో లేదు. ఒకవైపు వారి మాటనే నమోదు చేసి, రెండవవైపు వానిని పిలిచి 'నీవేమంటావు?' అని అడగకపోవడంలో ఉన్నది. ఎవని మీద వ్రాస్తున్నారో వానికి ఆ వ్రాత చూపి, బదులు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. పంచాయతీ రచ్చబండ వద్ద కూడ ఇరుపక్షాల మాట విన్న తరువాతనే తీర్పు చెప్పుతారు గదా!

అమెరికా చదువులు

ఇక విద్యార్థుల సంగతి. ఈ పత్రిక చదివేవారిలో కొందరు రేపో ఎల్లుండో నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటు మెట్లెక్కుతారు. అక్కడి వీసా దరఖాస్తులో గడచిన అయిదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు వ్రాయవలసిన నిబంధన 2019 మే నెలాఖరు నుండి ఉన్నది. 2025 జూన్‌లో మరొక అడుగు ముందుకు వేసి, విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనబడేటట్లు తెరచి ఉంచాలన్నారు. స్నేహితుల నడుమ వ్రాసుకున్న మాట స్నేహితుల కోసం వ్రాసినది. దానిని అధికారి ముందు, ఆపైన లోకమంతటి ముందు పరచమనడం సామాన్యమైన కోరిక కాదు. దీనివలన కలిగే నష్టం వీసా రాకపోవడం ఒక్కటే కాదు. రేపు ఎవరో చదువుతారన్న భయంతో ఈనాడు ఆలోచన చెప్పకుండా నోరు కట్టుకొనే యువతరం తయారు కావడం అంతకంటె పెద్ద నష్టం.

వివరాలను యంత్రాలతో పోల్చి చూచే పద్ధతి ఎంతటి పొరపాటుకు దారి తీయగలదో 2025లోనే లోకం చూచినది. అమెరికాలోని విదేశీ విద్యార్థులందరి వివరాలు 'సెవిస్' అనే ప్రభుత్వ జాబితాలో ఉంటవి. ఆ దేశపు వలసల శాఖ సుమారు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను పోలీసుల నేర సమాచార నిధితో పోల్చి, పోలిక కనబడినవారిలో వేలమంది నమోదును రద్దు చేసినది. వారిలో చాలమంది పేర ఉన్నది చిన్న ట్రాఫిక్ తప్పో, ఏనాడో కొట్టివేయబడిన కేసో మాత్రమే. విద్యార్థులు న్యాయస్థానాలకు వెళ్లినారు. వరుసగా ఉత్తర్వులు రాగా ఏప్రిల్ నెలాఖరులో ప్రభుత్వం ఆ నమోదులను తిరిగి చేర్చుతామని చెప్పవలసి వచ్చినది. న్యాయవాదిని పెట్టుకొనగలిగినవాడు నిలిచినాడు. భయపడి ముందే పెట్టె సర్దుకున్నవాని చదువు సంగతి ఏమిటి?

అంతకు ముందు 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం తెలుగువారెవరూ మరువలేనిది. మిషిగన్ రాష్ట్రంలో అమెరికా అధికారులే నెలకొల్పిన బూటకపు సంస్థ అది. అందులో పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు. అయినా ప్రభుత్వం ఆమోదించిన విద్యాసంస్థల జాబితాలో దాని పేరు ఉన్నది. పట్టుబడిన విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ తెలుగువారే ఎక్కువ. తరగతులు లేవని తెలిసే చేరినారని ప్రభుత్వపు వాదన. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని జాబితాను నమ్మి ఫీజు కట్టి, తన వివరాలన్నీ అప్పగించినవాని నమ్మకానికి జవాబుదారీ ఎవరు? ఫీజు తీసుకొని పాఠం చెప్పలేదన్న విద్యార్థుల దావా కొనసాగవచ్చునని 2024లో అక్కడి అప్పీలు న్యాయస్థానం అన్నది. నమ్మకం ఇరువైపులా ఉండవలసినదని దీనివలన తెలుస్తున్నది. సత్యం చెప్పమని ప్రజలను అడిగే ప్రభుత్వం తాను కూడ సత్యం చెప్పాలి.

యంత్రాల పోలికలో మన పేర్లకున్న చిక్కు ప్రత్యేకమైనది. ఉర్దూలో ఒకే తీరున వ్రాసే 'మహమ్మద్' ఇంగ్లీషు అక్షరాలలోకి దిగేసరికి నాలుగైదు వేషాలు వేస్తుంది. బడి రిజిస్టరులో 'ఎం.డి.' అని ఒక తీరు, పదో తరగతి మెమోలో మరొక తీరు, ఆధార్‌లో వేరొక తీరు, పాసుపోర్టులో ఇంకొక తీరు. హిందూ సోదరుల కష్టం మరొక రకం. తెలుగువారి ఇంటిపేరు ముందు ఉంటుంది, పాశ్చాత్యుల ఫారం దానిని చివర అడుగుతుంది. పాసుపోర్టులో ఒకే పేరున్నవానికి అమెరికా వీసాపై దానినే ఇంటిపేరుగా తీసుకొని, అసలు పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని అచ్చువేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టిన పేరు గలవాడు అట్లు పేరు లేనివాడవుతాడు. ఒకే మనిషి యంత్రానికి ముగ్గురుగా కనబడవచ్చు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే అనుమానితునిగా కనబడవచ్చు.

శరణార్థి వివరం

ఇంతవరకు చెప్పుకున్నవారికి వివరం చేయి దాటితే పోయేది ఉద్యోగమో చదువో. శరణార్థికి పోయేది ప్రాణం. అందుచేత ఈ సమస్యకు గుండెకాయ వంటిది శరణార్థి విషయమే.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై గాని, 1967 నాటి ప్రోటోకాలుపై గాని సంతకం చేయలేదు. శరణార్థులకని మనకు ప్రత్యేక చట్టం లేదు. రోహింగ్యాల చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనరు కార్యాలయం ఇచ్చిన కార్డు మాత్రమే. వారిని గుర్తించి పంపివేయాలని కేంద్ర హోం శాఖ 2017 ఆగస్టులో రాష్ట్రాలకు వ్రాసినది. తరువాత వేలిముద్రలతో సహా వివరాలు సేకరించమన్నది. 2018 అక్టోబరులో అస్సాం నుండి ఏడుగురిని బర్మా అధికారులకు అప్పగించినారు. 2021 మార్చిలో జమ్మూలో పరిశీలన ఉన్నది రమ్మని పిలిచి, వచ్చినవారిలో నూరుమందికి పైగా హీరానగరు నిర్బంధ కేంద్రానికి పంపినారు. తనిఖీకని పిలిచి నిర్బంధానికి పంపితే, తరువాతి తనిఖీకి ఎవడు నమ్మి వస్తాడు? దొంగతనంగా బ్రతకడమే మేలని మనిషికి నేర్పినవారెవరు?

ఈ నీడ శరణార్థుల మీద పడి అక్కడితో ఆగలేదు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపినది. తప్పుడు ఆధారాలతో ఆధార్ పొందినారన్న పోలీసు నివేదికను బట్టి వాటిని పంపినామని ఆ సంస్థ వివరణ. విచారణ మన బాలాపూరులో జరగవలసి ఉండగా వాయిదా వేసినారు. నోటీసు అందినవారిలో తాను పుట్టు భారతీయుణ్ణని చెప్పుకున్నవాడూ ఉన్నాడు. నోటీసులో పౌరసత్వాన్ని నిరూపించమన్న మాట ఉండడమే ఆశ్చర్యం. 2016 నాటి ఆధార్ చట్టం 9వ సెక్షను ప్రకారం ఆ సంఖ్య పౌరసత్వానికి రుజువు కాదు. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని తరువాత ఆ సంస్థ కూడ ప్రకటించినది. రేషనుకూ పింఛనుకూ అని పేదవాడు ఇచ్చిన వేలిముద్ర, నీవు ఈ దేశం వాడవా అన్న ప్రశ్నగా మారి అతని గుమ్మానికి తిరిగివచ్చినది. ఒక పనికి ఇచ్చిన వివరం మరొక పనికి మళ్లడమంటే ఇదే.

బంగ్లాదేశ్‌లో జరిగినది ఇంకా బాధాకరం. అక్కడి శిబిరాలలోని రోహింగ్యాలు తిండిగింజల కార్డు కోసం హైకమిషనరు కార్యాలయంలో పేర్లు, ఫొటోలు, వేలిముద్రలు ఇచ్చినారు. ఆ వివరాలు బంగ్లాదేశ్ ప్రభుత్వానికి, అక్కడి నుండి బర్మా ప్రభుత్వానికి చేరినవని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2021 జూన్‌లో వెల్లడించినది. ఆ విధంగా చేరిన పేర్లు 8 లక్షల 30 వేలకు తక్కువ కావని దాని లెక్క. అందరికీ వివరించి సమ్మతి తీసుకున్నామని హైకమిషనరు కార్యాలయం బదులు చెప్పినది. వివరాలు బర్మాకు పోతవని తమకెవరూ చెప్పలేదని చాలమంది శరణార్థులు అన్నారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నది. ఏ చేతుల నుండి పారిపోయి వచ్చినారో ఆ చేతులలోనే వారి పేర్ల జాబితా పడినది. ఆకలిగొన్నవానిని 'అన్నం కావాలా, రహస్యం కావాలా?' అని అడిగితే అతడు ఏమని చెప్పగలడు?

మంచి ఉద్దేశంతో తయారైన జాబితా చెడ్డ చేతులలో పడిన ఉదాహరణలు చరిత్రలో లేకపోలేదు. హాలెండు దేశంలో రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ప్రతి పౌరుని మతంతో సహా చక్కగా నమోదు చేసిన జనాభా రిజిస్టరు ఉండేది. పరిపాలనా సౌకర్యానికని ఏర్పరచినది అది. 1940లో దేశాన్ని ఆక్రమించిన నాజీలకు, యూదులను ఇంటింటా వెదకి పట్టుకొనడానికి అదే చేతికి దొరికినది. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డాంలో కొందరు ప్రతిఘటన వీరులు ఆ కార్యాలయానికి నిప్పు పెట్టినారు. కార్డులలో కొద్ది భాగమే కాలినది. జాబితా వ్రాసిన గుమాస్తాలలో ఒక్కనికీ దుర్బుద్ధి ఉండి ఉండదు. నేటి అధికారి మంచివాడు కావచ్చు. రేపటి అధికారి ఎవరో మనకు తెలియదు. జాబితా మాత్రం రేపటికీ మిగులుతుంది.

ఆక్షేపణలు

'దేశ రక్షణ సంగతి ఏమిటి?' అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 2007లో మక్కా మసీదులోనూ, గోకుల్ ఛాట్, లుంబినీ పార్కులలోనూ, 2013లో దిల్‌సుఖ్‌నగరులోనూ పేలిన బాంబులను చూచిన నగరం మనది. రక్షణ మాట తేలిక చేసే ధైర్యం హైదరాబాదు మనిషికి ఉండదు. కాని ఆ దుర్దినాలు మనకు రెండవ పాఠం కూడ నేర్పినవి. మక్కా మసీదు ఘటన తరువాత అనుమానంపై పట్టుబడి, పిమ్మట నిర్దోషులని తేలిన యువకులు మన నగరంలో ఉన్నారు. అనుమానం నమోదైనంత సులభంగా నిర్దోషిత్వం నమోదు కాదు. నిజమైన నేరస్థుని వెదకవలసిన కన్ను పదివేల మంది అమాయకుల జాబితాపై తిరుగుతూ ఉంటే రక్షణ పెరగదు, తగ్గుతుంది. నిర్దిష్టమైన కారణం చూపి, అధికారం గలవాని వ్రాతపూర్వకమైన ఉత్తర్వుతో వివరం తీసుకొనమంటున్నాము. తీసుకొనవద్దని అనడం లేదు.

'తప్పు చేయనివానికి భయమెందుకు?' అన్నది మరొక ఆక్షేపణ. ఇంటికి తలుపు పెట్టుకున్నవారందరూ లోపల దొంగ సొమ్ము దాచుకొనడం లేదు. జబ్బు సంగతి డాక్టరుకు చెప్పుతాము, అప్పు సంగతి అన్నగారికి చెప్పుతాము, రెండూ బజారులో చాటించము. ఎవరికి ఏది చెప్పాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛలోనే మనిషి గౌరవం ఉన్నది. దానిని కోరుకొనడం తప్పుకు చిహ్నం కాదు.

'శరణార్థికి, పరదేశికి ఈ హక్కులెక్కడివి?' అన్నది మూడవది. మన రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు హామీ ఇస్తున్నది. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణం మాత్రం 'ఏ వ్యక్తికీ' అన్నది. పౌరుడు అన్న మాట అక్కడ వాడలేదు. రాజ్యాంగ నిర్మాతలు ఆ తేడాను తెలిసే పెట్టినారు.

చట్టం ఎంతవరకు వచ్చినది

ఆ 21వ అధికరణంలోనే గోప్యత కూడ ఇమిడి ఉన్నదని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన పిటిషను అది. ప్రభుత్వం గోప్యతలో జోక్యం చేసుకొనాలంటే అందుకు చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ప్రయోజనానికి తగినంతకు మించి పోరాదు అన్నది ఆ తీర్పులోని సారాంశం.

తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023లో, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. చెప్పిన పనికే వివరం వాడాలన్న సూత్రం అందులో ఉన్నది. సంతోషించదగిన విషయమే. కాని దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట ప్రభుత్వం తాను ప్రకటించిన శాఖలను మొత్తంగా ఆ చట్టం నుండి మినహాయించుకొనవచ్చు. తాళం చేయించి, తాళపుచెవి దొరగారి జేబులోనే ఉంచినట్లయినది. 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం 1946 నాటి విదేశీయుల చట్టాన్ని, మరి మూడు పాత చట్టాలను తొలగించి వాటి స్థానంలో నిలిచినది. దాని ప్రకారం విమాన సంస్థలు, వసతి గృహాలు, ఆసుపత్రులతో పాటు విద్యాసంస్థలు కూడ తమ వద్దనున్న విదేశీయుల సమాచారం అధికారులకు ఇవ్వవలసి ఉన్నది.

విద్యాసంస్థ అన్న ఆ మాటతో ఈ చర్చ మన కళాశాల గుమ్మంలోకి వచ్చినది.

మన కర్తవ్యం

కళాశాల కార్యాలయపు బీరువాలలో ఏమున్నదో ఒకసారి తలచుకొందాము. ప్రవేశ దరఖాస్తులు, ఆధార్ నకళ్లు, ఆదాయ ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్పు కోసం ఇచ్చిన బ్యాంకు ఖాతాలు, తండ్రి దుబాయిలో ఉన్నాడా ఊరిలో ఉన్నాడా అన్న వివరాలు. అవన్నీ విద్యార్థులు నమ్మి ఇచ్చినవి. ఇతరులను వేలెత్తి చూపే ముందు మన ఇల్లు చక్కబెట్టుకొనడం ధర్మం. అందుచేత కళాశాల కమిటీ పెద్దల పరిశీలనకై కొన్ని సూచనలు సవినయంగా మనవి చేస్తున్నాము.

మొదటిది, అవసరం లేని వివరం అడగరాదు. దరఖాస్తులోని ప్రతి గడికి ఎదురుగా అది ఎందుకో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పంక్తి వ్రాయాలి. కారణం వ్రాయలేని గడిని కొట్టివేయాలి. రెండవది, చట్టం కోరిన వివరాన్ని చట్టం కోరినంతవరకే ఇవ్వాలి. ఎవరు వచ్చి అడిగినా వ్రాతపూర్వకమైన ఉత్తర్వు చూచి, ఏ తేదీన ఏది ఎవరికి ఇచ్చినామో ఒక రిజిస్టరులో వ్రాసుకొనాలి. ఫోనులో అడిగినంతనే చెప్పరాదు. మూడవది, తన పేర ఉన్న నమోదును చూచుకొని తప్పుంటే దిద్దించుకొనే హక్కు విద్యార్థికి ఉండాలి. ముఖ్యంగా పేర్ల వర్ణక్రమాన్ని మొదటి సంవత్సరంలోనే సరిచేయించాలి. చివరి సంవత్సరంలో పాసుపోర్టు కార్యాలయం ముందు కన్నీరు పెట్టుకొనే దుస్థితి రారాదు. నాలుగవది, పని తీరిన నకళ్లను చించి నాశనం చేయాలి. పాత కాగితాల వానికి అమ్మరాదు. జిరాక్సు దుకాణంలో మిగిలిపోయిన ఒక ఆధార్ నకలు చాలు, ఎవనికో సిమ్ము కార్డు రావడానికి.

విద్యార్థులకు కూడ రెండు మాటలు. వీసా ఫారం మీ చేతితో మీరే నింపండి. కనీసం ప్రతి గడినీ చదివి సంతకం చేయండి. కన్సల్టెన్సీవారికి పాసుపోర్టు, పాసువర్డు అప్పగించి నిశ్చింతగా కూర్చున్నవారు, ఆ ఫారంలో తమ పేరిట ఏ అబద్ధం చేరినదో విమానాశ్రయంలో దిగిన తరువాత తెలుసుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నవి. ఏజెంటు ఫీజు తీసుకుంటాడు, శిక్ష అనుభవించేది మీరు. వ్రాసిన ప్రతి వివరానికీ నకలు దగ్గర పెట్టుకొనండి. మీ ఇంటి ప్రక్కన గల్ఫుకు బయలుదేరే చదువురాని అన్న ఉంటే, అతని ఒప్పందం చదివి వినిపించండి. ఏ కంపెనీకి పోతున్నాడో, ఎంత జీతమో వ్రాసి అతని భార్య చేతికి ఇవ్వండి. మీరు నేర్చిన చదువుకు అది తొలి ఉపయోగం.

బాలాపూరు గుడిసెలలోని పిల్లల గురించి కూడ మనం ఆలోచించవలసి ఉన్నది. వారిని ఉంచాలా పంపాలా అన్నది ప్రభుత్వాలు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. ఆ వివాదంలోకి మేము పోవుట లేదు. కాని బడిలో చేరడానికని, జ్వరానికి మందు తీసుకొనడానికని వ్రాసి ఇచ్చిన పేరును ఎవరూ పట్టివ్వడానికి వాడరాదు. తాము పారిపోయి వచ్చిన ప్రభుత్వానికి ఆ పేరు, ఆ చిరునామా ఎన్నటికీ చేరరాదు. ఈ మాత్రం నియమానికి కొత్త చట్టం కూడ అక్కరలేదు. బల్లకు ఆవల కూర్చున్నవానికి మనసాక్షి ఉంటే చాలు. రేపు అటువంటి బల్లల వెనుక గుమాస్తాలుగా, అధికారులుగా, కంప్యూటరు నిపుణులుగా కూర్చుండబోయేది ఈ కళాశాల విద్యార్థులే. మీ చేతికి వచ్చిన ప్రతి కాగితం వెనుక ఒక మనిషి తన నమ్మకాన్ని మడిచిపెట్టి ఇచ్చినాడని గుర్తుంచుకొనండి.